సొర్నెత్‌లో ర్ వినపడిందా మీకు?

గోదారిగట్టు: మాలికోర్న్ అని ఫ్రెంచి బ్యాండు, ఎలక్ట్రిక్ గిటార్ పక్కనే రెనెసాన్స్ కాలం నాటి క్రోమోర్న్ అనే ఊదే వాయిద్యం బుర్రుమంటుంటుంది, వాళ్ళ నాలుగో రికార్డు (1977) లోది ఒక లైను రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. "ను సొమ్ షాంతూర్ ద సొనెత్" అనే గుర్తు. మేం గంటల పాటగాళ్ళం అంటే ఏవిటండీ? గంగిరెద్దులవాళ్ళలాగానా?

చాటుప్రియ: సానెట్లు, అంటే పద్నాలుగు పాదాల పద్యాలు అయ్యుంటాయి, పాటగాళ్ళు కదా.

పాతరికార్డు: సానెట్ అయితే చివర త్ పలకరండీ, బహువచనంలో కూడా సొనే అనే అంటారు. సొనెత్ అంటే గుమ్మం దగ్గర కాలింగ్ బెల్. పాటలో ఉన్నది సొ"ర్"నెత్, అంటే పనికిరాని కబుర్లు. మీరు వలపలగిలక మింగేశారు, అందుకే గంటలు మోగుతున్నాయి 😀

గోదారిగట్టు: మింగింది నేను కాదు, వాళ్ళే. ఫ్రెంచి ర్ గొంతులోనే ఉండిపోతుంది, పైగా గుంపుగా పాడతారు. హెడ్‌ఫోన్స్ పెట్టి పదిసార్లు విన్నా, గరగర తప్ప రేఫ లేదు.

నల్లగొండోడు: రేఫ సంగతి ఇడిశిపెట్టుండ్రి, తెలుగుల ఏమంటరు దీన్ని? మా దిక్కు పిట్టలదొర ఉంటడు, ఖాకీ బట్టలు, కట్టె తుపాకి, నోరు తెరిస్తే కోతలే, అది అబద్ధమని చెప్పెటోనికీ ఎరికే ఇనెటోనికీ ఎరికే. షాంతూర్ ద సొర్నెత్ అంటే గదే.

పాతరికార్డు: కోతలు కావండీ, కోతల్లో గొప్పలు పోవడం ఉంటుంది. "సొర్న్" అంటే పాత ఫ్రెంచిలో వేళాకోళం, "ఎత్" చేరితే చిన్నది. నా ఓటు పిట్టకథలకే.

గోదారిగట్టు: సొల్లు అంటే పోలా? సొల్లు, సొర్న్... ఎక్కడో చుట్టరికం ఉందని నా డౌటు.

పాతరికార్డు: ఈ వ్యుత్పత్తే ఒక సొర్నెత్ 🙏

చాటుప్రియ: పిట్టకథకి కథ ఉండాలి కదా, ఇక్కడ ఉన్నది మాటల గారడీ. నాకైతే శ్రీశ్రీ అల్లరి పద్యాల పుస్తకం సిప్రాలి గుర్తొస్తోంది, ఆ ప్రాసక్రీడలూ, అయిదేసి పాదాల లిమరిక్కులూ, మహాప్రస్థానం రాసిన చేత్తోనే. మహాకవి అనిపించుకున్నాక అంత ధైర్యంగా అల్లరి రాయడం ఇంకెవరివల్ల అవుతుంది చెప్పండి.

పాతరికార్డు: లిమ"ఋ"క్కులు అండీ, లిమరిక్కులు కాదు.

చాటుప్రియ: తెలుసండీ, ఫోన్లో ఋ ఎక్కడుందో వెతకలేక.

నల్లగొండోడు: గదే కథ, ఫ్రెంచోళ్ళకి ర్ దొరకది, మీకు ఋ దొరకది. ఋక్కు ముక్క తెచ్చి లిమరిక్కుల ఇరికిచ్చుడే అసలు మజా, ఋ తీస్తే ఇంగేముంది అండ్ల.