ఆర్ఓ మిషన్ తీసేయాలా, ఉంచాలా?

పెన్నగట్టు:
మాది నెల్లూరు. మొన్న ఆదివారం ఊరికే ఉండలేక, తాగే నీళ్లలో లవణాలు వడకట్టే మా ఆర్ఓ మిషన్ వేస్టు ట్యూబు సింకులోంచి తీసి బకెట్లో పెట్టాను. 15 లీటర్ల బిందె మంచినీళ్లు నిండేసరికి అంతే పట్టే బకెట్లు మూడు నిండాయి. ఆరేళ్లుగా ఇవన్నీ కాలవపాలే! కవర్లు వాడొద్దని పిల్లలకు రోజూ క్లాసు పీకేదేమో నేనే. మా కుళాయిలో వచ్చేది పెన్న నీళ్లు, టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 310. 500 లోపు ఉన్నచోట ఆర్ఓలను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అందరం తీసేద్దాం. ఏమంటారు?

కనిగిరి కుర్రోడు:
అన్నా, మీ పక్కన పెన్న ఉంది, తీసేసుకోండి. 'అందరం' అన్నారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మీ టీడీఎస్ మీటరు చూపించేది మొత్తం లవణాల లెక్క. అందులో రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఎక్కడ కనపడుతుంది? 400 చూపించే నీళ్లు కూడా పళ్లకు గార పట్టించగలవు. కాచి తాగమంటారు కొందరు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మా నాయన నలభై ఐదేళ్లకే కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేచేవాడు.

పెన్నగట్టు:
పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి ఉందిగా తమ్ముడూ?

కనిగిరి కుర్రోడు:
ఉంది. ఏ నీళ్లకు ఎంత వెయ్యాలో రోజూ మా అమ్మ కొలుస్తూ కూర్చోవాలా?

ఒంగోలు ఇల్లాలు:
గొడవ తర్వాత, ముందు ఆ మూడు బకెట్ల సంగతి చూడండి. మాది బోరు, టీడీఎస్ 1800. ట్యూబులో వచ్చేది 2300 పైనే. తెలియక ఒక వేసవంతా కరివేపాకు చెట్టుకు పోశాను. ఆకుల అంచులన్నీ మాడిపోయాయి. ఇప్పుడు ఇల్లు తుడవడానికి, బాత్రూముకి వాడుతున్నా. పెన్నగట్టు గారూ, మీ 310 నీళ్లయితే ట్యూబులో 400 దాకా రావచ్చు, మొక్కలకు పర్లేదు. కనిగిరి తమ్ముడూ, మీ ట్యూబు నీళ్లు మాత్రం గేదెలకు పెట్టొద్దు. ఫ్లోరైడ్ అంతా అందులోకే చేరుతుంది.

కనిగిరి కుర్రోడు:
అక్కా, ఇన్నాళ్లూ కుడితిలో పోస్తున్నాం. రేపటి నుంచి బంద్.

పెన్నగట్టు:
'అందరం' అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. మా ఇంటికి మాత్రం కాంతితో క్రిములను చంపే యూవీ ఫిల్టరు చాలు, చుక్క వృథా పోదు. చిక్కల్లా అమ్మతోనే. మిషన్ తీస్తే క్యాన్లు తెప్పిస్తానంటోంది. ఆ ప్లాంటులోనూ ఆర్ఓనే కదమ్మా అంటే, "ఆ నీళ్లు మన సింకులో పోవు కదరా" అంది.