చూసేసిన ఫైళ్లనే యాంటీవైరస్ మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తోంది, డ్రైవ్ మొత్తం ఎక్స్‌క్లూజన్‌లో (స్కాన్ చేయకుండా వదిలేసే జాబితాలో) పెట్టొచ్చా?

దిల్‌సుఖ్‌నగర్_ఫ్రేమ్స్:
పెళ్లి ఫొటోలు ఎడిట్ చేసే సిస్టమ్. విండోస్ 11, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ. పాత ఈవెంట్లన్నీ 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ (డిస్క్‌లో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి). డబ్బు కట్టి వేసుకున్న యాంటీవైరస్ ఉంది, కంపెనీ పేరు అనవసరం. ఎస్ఎస్‌డీ రెండోసారి స్కాన్ చేస్తే చకచకా అయిపోతుంది. ఎక్స్‌టర్నల్ మాత్రం నిన్న క్లీన్ అని తేలినా ఇవాళ మళ్లీ మొదటి ఫైలు నుంచే, 5 గంటలు. డిస్క్ ప్రాపర్టీస్‌లో 2.1 లక్షల ఫైళ్లుంటే స్కాన్ లెక్క 5.8 లక్షలు చూపిస్తోంది. ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ లైట్‌రూమ్‌లో కలర్ కరెక్షన్ చేస్తుంటే ఎస్ఎస్‌డీ వాడకం 100 శాతానికి ఎక్కి కూర్చుంటోంది. మధ్యాహ్నం సిస్టమ్ కాసేపు ఖాళీగా వదిలితే ఎవరూ అడగని స్కాన్ ఇంకోటి మొదలవుతోంది. డ్రైవులు మొత్తం ఎక్స్‌క్లూజన్‌లో వేసేయమంటున్నారు. వేయొచ్చా?

ముందు_లాగ్_చూడు:
వద్దు. మీవి నాలుగు వేర్వేరు సమస్యలు, ఒక్క తాళంచెవితో తెరుచుకోవు.

యాంటీవైరస్ ఒక ఫైలు చూశాక ‘ఇది శుభ్రం’ అని గుర్తు రాసిపెట్టుకుంటుంది. ఆ గుర్తు ఎప్పుడు చెల్లకుండా పోతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఫైలులో ఒక్క బైటు మారినా పోతుంది. స్కాన్ సెట్టింగ్ మార్చినా పోవచ్చు. వైరస్ డేటాబేస్ అప్‌డేట్ అయితే చాలా ప్రోడక్టుల్లో పాత గుర్తులకు విలువ ఉండదు, ఎందుకంటే నిన్న తెలియని వైరస్ ఇవాళ తెలిసి ఉండొచ్చు. అప్‌డేట్లు రోజుకు చాలాసార్లు వస్తాయి కాబట్టి రోజూ ఫుల్ స్కాన్ పెట్టుకున్నవాళ్లకు రోజూ కొత్త కాపురమే. ఇది లోపం కాదు.

మీ ఎక్స్‌టర్నల్ కథ వేరు. విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకూ నిలకడైన ఐడీ ఉంటుంది, ఏ ఫైలు ఎప్పుడు మారిందో రాసుకునే జర్నల్ ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ రెండూ లేవు. ఉదాహరణకు కాస్పర్‌స్కీలో ఐస్విఫ్ట్ అనే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ మీదే పనిచేస్తుంది. మీ దాంట్లోనూ అలాంటిదే ఉంటే ఎక్స్‌టర్నల్ ప్రతిసారీ కొత్త డిస్కే. సెట్టింగుల్లో ‘కొత్తవి, మారినవి మాత్రమే స్కాన్ చెయ్యి’ అన్న అర్థం వచ్చే ఆప్షన్ వెతకండి. ఈసెట్‌లో దాన్ని స్మార్ట్ ఆప్టిమైజేషన్ అంటారు, అవాస్ట్‌లో పర్సిస్టెంట్ క్యాష్.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాలంటే ఒక మెలిక ఉంది. విండోస్ ‘కన్వర్ట్’ కమాండ్ ఫ్యాట్, ఫ్యాట్32లనే మారుస్తుంది, ఎక్స్‌ఫ్యాట్‌ను మార్చదు. డేటా అంతా ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు ఫోల్డర్లు తెరిచి ఫొటోలు సరిగ్గా వచ్చాయో చూసుకుని, ఆ తర్వాతే ఫార్మాట్. మీ దగ్గర మ్యాక్ కూడా ఉంటే ఆలోచించుకోండి, అది ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది గానీ మామూలుగా అందులో రాయలేదు.

5.8 లక్షల గురించి బెంగ వద్దు. జిప్ లోపలి ప్రతి ఫైలూ ఒక లెక్క, ఇన్‌స్టాలర్ లోపలివీ అంతే. క్లయింటుకు పంపిన జిప్పులు అదే డిస్క్‌లో మిగిలిపోయి ఉంటాయి, చూడండి.

నెట్‌వర్క్_ఎల్బీనగర్:
ఎవరూ అడగని స్కాన్ అన్నారు కదా, అది బహుశా డిఫెండర్, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ రియల్‌టైమ్ (ఫైలు తెరిచిన క్షణంలోనే చూసే కాపలా) ఆగిపోతుంది. కానీ విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ పేజీ కింద ‘మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్ ఆప్షన్స్’ తెరిస్తే ‘పీరియాడిక్ స్కానింగ్’ అనే స్విచ్ కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే రెండూ వంతులవారీగా అవే ఫైళ్లు తిరగేస్తాయి.

ఊహతో ఆపేయకండి, ముందు ఖాయం చేసుకోండి. విండోస్ లాగులు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్. 1000 అంటే స్కాన్ మొదలైంది, 1001 పూర్తయింది, 1002 పూర్తికాకముందే ఆగింది. మధ్యాహ్నం టైముకు 1000 ఉంటే దొంగ దొరికినట్టే. 1002లు వరసగా ఉంటే సిస్టమ్ స్లీప్‌లోకి పోతోందా, కరెంటు పోయి ఆగిపోతోందా చూడండి.

ముందు_లాగ్_చూడు:
లైట్‌రూమ్ సంగతి మర్చిపోయాను. కాటలాగ్ (లైట్‌రూమ్ మీ ఎడిట్ల లెక్క రాసుకునే ఫైలు) సెట్టింగ్స్, మెటాడేటా ట్యాబ్‌లో ‘మార్పులను ఎక్స్ఎంపీలోకి ఆటోమేటిక్‌గా రాయి’ అన్నది టిక్ అయి ఉందా? ఎక్స్ఎంపీ అంటే ఎడిట్ల వివరాలు ఫైలులో రాసే పద్ధతి. ఉంటే మీరు స్లయిడర్ కదిపి వదిలాక ఆ మార్పు డిస్క్ మీదికి వెళ్తుంది. రా ఫైలుకైతే (కెమెరా నేరుగా ఇచ్చేది) పక్కన చిన్న ఎక్స్ఎంపీ ఫైలు మారుతుంది. జేపెగ్, టిఫ్, డీఎన్‌జీలకైతే ఆ ఫైలులోనే రాస్తుంది. అంటే ఫొటోయే ‘మారిన ఫైలు’, గుర్తు చెల్లదు, మళ్లీ స్కాన్. రెండు వేల ఫొటోలకు ప్రీసెట్ (ముందే దాచుకున్న ఎడిట్ సెట్టింగులు) సింక్ చేస్తే రెండు వేల స్కాన్లు. టిక్ తీసేసి, పని అయ్యాక ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్+ఎస్ కొట్టండి, ఒక్కసారే రాస్తుంది. కాటలాగ్ బ్యాకప్ మాత్రం మానకండి, అప్పటిదాకా మీ ఎడిట్లన్నీ కాటలాగ్‌లోనే ఉంటాయి.

టోలీచౌకి_టెక్:
భాయ్, ఇంత అవసరమా? ఫొటోల్లో వైరస్ ఏముంటుంది, ఆ డ్రైవ్ మొత్తం వదిలేయండి.

నెట్‌వర్క్_ఎల్బీనగర్:
ఫొటోలో కాదు భాయ్, ఫొటో పేరుతో వచ్చేదాంట్లో ఉంటుంది. క్లయింట్ పెన్‌డ్రైవ్‌లో ‘ఆల్బమ్.జేపీజీ.ఈఎక్స్‌ఈ’ ఉంటే, విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచేస్తుంది కాబట్టి జేపీజీలాగే కనిపిస్తుంది. దాన్ని ఎక్స్‌క్లూజన్ ఉన్న డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అడిగేవాడుండడు. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) పడితే ముందు పోయేది ఆ ఈవెంట్ ఫోల్డర్లే.

తప్పదనుకుంటే లైట్‌రూమ్ ప్రివ్యూల ఫోల్డర్, అంటే కాటలాగ్ పక్కన ‘ప్రివ్యూస్.ఎల్ఆర్‌డేటా’ అని ఉండేది, అదొక్కటి పెట్టండి. వేల చిన్న ఫైళ్లు, లైట్‌రూమ్ తానే పుట్టించినవి. పోయినా మళ్లీ కట్టుకుంటుంది. డౌన్‌లోడ్స్, టెంప్, కార్డులు కాపీ చేసే ఫోల్డర్, పెన్‌డ్రైవులు ఎప్పుడూ వద్దు.

డిఫెండర్ ఒక్కటే వాడేవాళ్లకు: ప్రాసెస్ ఎక్స్‌క్లూజన్ ఇస్తే ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లను రియల్‌టైమ్‌లో వదిలేస్తుంది, షెడ్యూల్ స్కాన్‌లో మాత్రం చూస్తుంది. ఉత్త పేరు కాకుండా పూర్తి పాత్ ఇవ్వండి. లేకపోతే అదే పేరుతో వచ్చిన ఏ ప్రోగ్రామ్‌కైనా దారి వదిలినట్టే.

దిల్‌సుఖ్‌నగర్_ఫ్రేమ్స్:
లాగ్ చూశాను. మధ్యాహ్నం 1:40కి 1000, 2:15కి 1002, వారంలో నాలుగు రోజులు ఇదే వరస. పీరియాడిక్ స్కానింగ్ ఆన్‌లో ఉంది, తీసేశాను. ఎక్స్ఎంపీ టిక్ కూడా ఉంది, తీశాక ప్రీసెట్ సింక్ చేస్తే వాడకం 30 శాతం దాటలేదు. ఎక్స్‌టర్నల్ ఫార్మాట్ చేయడానికి ఇంకో 4 టీబీ కావాలి, ముహూర్తాలు అయ్యాక సీటీసీకి (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్) వెళ్లి తెస్తాను. అప్పటిదాకా ఆ 5 గంటల స్కాన్ ఏం చేయాలి?

ముందు_లాగ్_చూడు:
ఫుల్ స్కాన్‌ను ఆదివారం రాత్రికి, వారానికి ఒక్కసారికి మార్చండి. ఆ రాత్రి స్లీప్ ‘నెవర్’లో పెట్టండి, లేకపోతే సగంలో ఆగి మళ్లీ మొదటికి వస్తుంది. రోజూ క్విక్ స్కాన్ చాలు, రియల్‌టైమ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. పాత ఈవెంట్ల డిస్క్‌ను అవసరమైనప్పుడే తగిలించండి. ఆ పాత జిప్పులు తీసేస్తే 5 గంటల్లో కొంత అక్కడే తగ్గుతుంది.