ఉపగ్రహం కక్ష్యలో నిలవకుండా పైపైకి పోతోంది, ఎందుకు?

కొత్తకక్ష్య: భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ఎత్తు 400 కి.మీ., వేగం సెకనుకు 7,673 మీటర్లు, ఒక్కో అడుగు (అంటే ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య కాలం) 10 సెకన్లు. ఒక చుట్టు తిరిగే సమయానికి ఉపగ్రహం 800 కి.మీ.కు పైగా పైకి లేచిపోతోంది. ప్రతి అడుగులో ముందు స్థానం మార్చి, పాత స్థానంలోని త్వరణంతో తర్వాత వేగం మారుస్తున్నాను. లోపం ఎక్కడుంది?

స్పర్శరేఖ: అడుగు వేసే పద్ధతిలో ఉందండీ. మీరు వాడుతున్నది ఆయిలర్ పద్ధతి. నిజం ఉపగ్రహం ప్రతి క్షణం భూమి వైపు వంగుతూనే ఉంటుంది. మీది మాత్రం 10 సెకన్లపాటు తిన్నగా పోయి ప్రతిసారీ వృత్తానికి కాస్త బయట తేలుతుంది. అలా లేని శక్తి అడుగడుగునా వచ్చి చేరుతోంది. అడుగు 1 సెకనుకు తగ్గించినా జబ్బు పోదు, చుట్టుకు సుమారు 95 కి.మీ. పైకి జరుగుతూనే ఉంటుంది.

మందు చిన్నదే. ఉన్నచోట త్వరణం లెక్కగట్టి ముందు వేగం మార్చండి, ఆ కొత్త వేగంతోనే స్థానం మార్చండి. ఇక శక్తి పేరుకుపోదు. 10 సెకన్ల అడుగుతో ఎత్తు కొన్ని పదుల కి.మీ. మేర ఊగుతుంది గానీ మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ ఊపు కూడా వద్దనుకుంటే లీప్‌ఫ్రాగ్ వాడండి: సగం అడుగు వేగం, పూర్తి అడుగు స్థానం, కొత్త చోట త్వరణం, మళ్లీ సగం అడుగు వేగం. చాలామంది రుంగే-కుట్టా అనే ఇంకో అడుగుల పద్ధతి వాడమంటారు. కొద్ది చుట్లకు అది బాగా కచ్చితం, వేల చుట్లకు మాత్రం శక్తి మెల్లగా జారిపోతుంది. నా ఓటు లీప్‌ఫ్రాగ్‌కే.

భూకేంద్రం: ఇంకో రెండు చోట్ల కూడా చూసుకోండి. దూరం భూకేంద్రం నుంచి కొలవాలి, అంటే భూమి వ్యాసార్థం 6,371 + ఎత్తు 400 = 6,771 కి.మీ.; మీటర్లలోకి మార్చడం మరవద్దు. త్వరణాన్ని భాగాలుగా విడగొట్టేటప్పుడు ఎక్స్ భాగం అంటే మైనస్ జీఎం × ఎక్స్ ÷ దూరం ఘనం (జీఎం అంటే గురుత్వ స్థిరాంకం × భూమి ద్రవ్యరాశి). ఇక్కడ ఘనానికి బదులు వర్గం రాసేవాళ్లే ఎక్కువ. భూమికి జీఎం విలువ 3.986 × 10¹⁴ (మీటర్లు, సెకన్లలో). ఉపగ్రహం ద్రవ్యరాశి అక్కర్లేదు, సమీకరణంలో రెండు వైపులా ఉండి అది కొట్టుకుపోతుంది. ఆ ఎత్తులో త్వరణం 8.69 (సెకను వర్గానికి మీటర్లు) రావాలి, చుట్టుకు సుమారు 5,545 సెకన్లు పట్టాలి. అక్కడ గురుత్వం ఉండదనే మాట ఎంత తప్పో ఆ 8.69 చూస్తేనే తెలుస్తుంది.

కొత్తకక్ష్య: వరుస మార్చగానే నిలబడింది. ఇప్పుడు అదే కక్ష్యలో ముందు పోతున్న ఇంకో ఉపగ్రహాన్ని అందుకుందామని వెనకదాని వేగం సెకనుకు 100 మీటర్లు పెంచాను. మొదట దగ్గరయినట్టే కనిపించి, తర్వాత ఇంకా వెనకబడింది. ఇదీ అడుగుల గొడవేనా?

భూకేంద్రం: కాదు, ఇది నిజంగా జరిగేదే. ఒకచోట వేగం పెంచితే కక్ష్యకు అవతలి వైపు ఎత్తు పెరుగుతుంది. మీ 100 మీటర్లతో అది 400 నుంచి దాదాపు 765 కి.మీ.కు చేరుతుంది. దారి పెద్దదైంది, పైన వేగమూ తగ్గింది, కాబట్టి చుట్టుకు సుమారు 225 సెకన్ల ఆలస్యం. 1965 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమిని 4లోని వ్యోమగాములు తమ రాకెట్ చివరి దశను చేరబోయి ఈ చిక్కులోనే పడ్డారు. ఇంధనం కరిగిపోతుండటంతో ఆ ప్రయత్నం మానుకున్నారు.

స్పర్శరేఖ: అందుకోవాలంటే వేగం తగ్గించాలి. సెకనుకు 10 మీటర్లు తగ్గిస్తే అవతలి వైపు 365 కి.మీ.కు దిగుతుంది, చుట్టుకు 22 సెకన్లు కలిసొస్తాయి, అంటే సుమారు 165 కి.మీ. దగ్గరవుతారు. మధ్య దూరాన్ని 165తో భాగిస్తే ఎన్ని చుట్లు ఆగాలో వస్తుంది. అన్ని చుట్లు తిరిగి, బయల్దేరిన బిందువు దగ్గరే ఆ 10 మీటర్లు తిరిగి కలపండి. తొందరపడి ఒకేసారి 100 తగ్గిస్తే మాత్రం అవతలి వైపు 58 కి.మీ.కు పడిపోతుంది. మీ ప్రోగ్రాంలో గాలి లేదు కాబట్టి అది హాయిగా తిరిగొస్తుంది. అసలుదైతే వాతావరణంలో దిగి కాలిపోతుంది. అందుకే ఎత్తు 120 కి.మీ. కన్నా తగ్గితే లెక్క ఆగిపోయేలా ఒక షరతు పెట్టుకోండి.