ఇంటికొచ్చే కేర్‌టేకర్ పని సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట వస్తుంది కానీ ముద్దగా ఉంటుంది. పగలు ఏజెన్సీ నుంచి ఒకమ్మాయి వస్తోంది. స్నానం, డైపర్, తినిపించడం, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టడం అన్నీ తనే. మర్యాదగా ఉంటుంది, ఫోన్ పట్టుకుని కూర్చునే రకం కాదు. అయినా ఆఫీసులో ఉన్నంతసేపూ నాకు టెన్షనే. తను సెలవు పెడితే ఏజెన్సీ వాళ్లు ఎవరో కొత్తవాళ్లను పంపుతారు. ఏం చూసి నమ్మాలి? గదిలో కెమెరా పెట్టమంటున్నాడు తమ్ముడు.

జవాబు:
ఇళ్లకు వెళ్లి చూసే నర్సుని. మర్యాద వేరు, పని రావడం వేరండి. కెమెరా సంగతి తర్వాత, ముందు అమ్మగారి ఒళ్లు చూడండి. రోజూ సాయంత్రం మంచి వెలుతురులో మడమలు, నడుము కింది ఎముక, తుంటి పక్కలు, మోచేతులు, చెవుల వెనక చూడాలి. ఎక్కడైనా ఎర్రబడితే వేలితో నొక్కి వదలండి. రంగు పోయి మళ్లీ వస్తే కాస్త ఊరట. నొక్కినా ఎరుపు పోకపోతే, కదలక ఒకేచోట ఒత్తుకుని వచ్చే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు, కాబట్టి అక్కడ వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో తడిమి చూడాలి.

రెండోది, ఒక సెలవు రోజున మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తోందో దగ్గరుండి చూడండి. కుర్చీ అమ్మగారికి బలమున్న కుడివైపు ఉండాలి. బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తీసేయాలి. చంకల్లో చేతులు పెట్టి ఎత్తడం, పడిపోయిన చెయ్యి పట్టి లాగడం కనిపిస్తే అక్కడే ఆపండి. ఆ భుజం కీలు అసలే వదులుగా ఉంటుంది, లాగితే జారిపోతుంది. అమ్మగారు బరువైతే ఒక్కమ్మాయితో అయ్యే పని కాదు. ఇద్దరు కావాలనో, అమ్మగారి నడుముకు కట్టి పట్టుకునే బెల్టు కావాలనో మీరే ఏజెన్సీని అడగండి. ఆ అమ్మాయి నడుము కూడా నడుమే కదా.

ఇంకొకరు:
మా నాన్నగారిని చూసుకున్నవాణ్ణి. తిండి దగ్గర అజాగ్రత్త వద్దు. పడుకోబెట్టి తినిపించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్ద పెట్టి, అది మింగాక ఇంకో ముద్ద. అయ్యాక ఎడమ బుగ్గలో ఏమైనా మిగిలిందేమో చూడాలి, అటువైపు స్పర్శ తగ్గితే వాళ్లకి తెలియదు. తర్వాత అరగంట అలాగే కూర్చోబెట్టాలి. తింటుంటే పొలమారినా, తిన్నాక గొంతు గరగరమన్నా డాక్టరుకు చెప్పండి, మింగే పరీక్ష చేయిస్తారు. కొంతమందికి దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నర్సు:
అవును, అది ముఖ్యం. స్నానం నీళ్లు కూడా. స్పర్శ లేనివైపు చర్మం కాలినా తెలియదు. ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్ణీళ్లు కలిపి, మోచేత్తో చూసి అప్పుడు పోయాలి. గ్లౌజుల సంగతి చెప్పకపోతే ఎలా! డైపర్ మార్చిన గ్లౌజులతోనే గ్లాసు పట్టుకునేవాళ్లు ఉంటారు. ఒక పని కాగానే తీసి పారేసి, సబ్బుతో చేతులు కడగాలి. తుడిచేటప్పుడు ముందు నుంచి వెనక్కి, మూత్రం ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి.

కొత్తవాళ్ల కోసం మంచం పక్కన ఒక పేజీ అంటించండి. ఏ వైపు బలం లేదు, ఎలా మార్చాలి, ఏం మింగగలరు, ఎవరికి ఫోన్ చేయాలి. ఒక నోట్‌బుక్‌లో ఎన్ని గంటలకు పక్కకు తిప్పారో, ఎంత తాగారో, మలమూత్రాలు ఎప్పుడో రాయించండి. రోజంతటికీ ఒకే రంగు ఇంకుతో, ఒకే ఊపులో రాసినట్టుంటే సాయంత్రం కూర్చుని నింపారేమోనని ఆరా తీయండి. మాత్రలు మాత్రం మీరే డబ్బాలో సర్దిపెట్టండి. మింగలేకపోతే నలిపి ఇమ్మని సొంతంగా చెప్పొద్దు, కొన్ని మాత్రలు నలపకూడదు.

కెమెరా అంటారా, అమ్మగారు ఒప్పుకోవాలి, ఆ అమ్మాయికి ముందే చెప్పాలి. దొంగచాటుగా వద్దు. స్నానం, డైపర్ మార్చేటప్పుడు ఆపేయాలి. అసలు అమ్మగారినే విడిగా అడగండి, మాట ముద్దగా ఉన్నా అవుననీ కాదనీ చెప్పగలరుగా. ఆ అమ్మాయి గదిలోకి రాగానే ముడుచుకుపోతున్నా, లెక్క చెప్పలేని కమిలిన మచ్చలున్నా ఆ రోజే ఏజెన్సీ సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. ఫొటో తీసి తేదీ రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశానండి. ఎడమ మడమ ఎర్రగా ఉంది, నొక్కినా పోవడం లేదు. నూనె రాసి మర్దన చేయనా?

నర్సు:
వద్దు, మర్దన చేస్తే లోపల కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో రంధ్రం ఉండే రబ్బరు రింగులాంటివి మడమ కింద పెట్టమని ఎవరైనా అన్నా వద్దు, చుట్టూ రక్తప్రసరణ తగ్గించేస్తాయి. పిక్క పొడుగునా దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి, పరుపుకు అస్సలు తగలకూడదు. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఈ రాత్రి నుంచి రెండు గంటలకోసారి పక్క మార్చండి. రేపు డాక్టరుకు చూపించండి. నల్లబడినా, పొక్కు లేచినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. ఆ అమ్మాయికి కూడా ఇదే దిండు ఎలా పెట్టాలో పొద్దున్నే చూపించండి, తిట్టకుండా.