అప్‌డేట్: 1.2.0 ఇన్‌స్టాల్ చేస్తే మేత పట్టిక దొరకని సమస్య తీరింది

రొయ్యల చెరువుకి మేత లెక్కగట్టే మా ఓపెన్ సోర్స్ పైథాన్ ప్యాకేజీ 1.2.0 విడుదలయ్యాక భీమవరం, ఆకివీడు వైపు రైతుల కంప్యూటర్లలో 'ఫైల్ లేదు' అంటూ ఆగిపోతోందని, నా దగ్గర మాత్రం బాగానే నడుస్తోందని అడిగాను కదా. దొరికింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

వీల్ ఫైలుని అన్‌జిప్ చేసి చూడమన్న అన్న మాటే పనిచేసింది. వీల్ అంటే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడానికి ఇచ్చే ఫైలు, నిజానికి అది జిప్ ఫైలే. లోపల కోడ్ ఫైళ్లన్నీ ఉన్నాయి, మేత పట్టిక ఉండే సీఎస్‌వీ ఫైలు మాత్రం లేదు. ప్యాకేజీ సెట్టింగులుండే పైప్రాజెక్ట్ ఫైల్లో ప్యాకేజ్ డేటా కింద దాన్ని చేర్చాక, వీల్ తయారుచేసే సెటప్‌టూల్స్ దాన్ని లోపల పెట్టింది. నాది ఎడిటబుల్ ఇన్‌స్టాల్. అది నేరుగా సోర్స్ ఫోల్డర్నే చదువుతుంది, అందుకే నాకు ఈ సమస్య కనబడలేదు.

సరిచేసిన ఫైలుని 1.2.0 పేరుతోనే మళ్లీ ఎక్కిద్దామంటే పైథాన్ ప్యాకేజీలు పెట్టే సైటు పైపీఐ ఒప్పుకోదు. పాతది డిలీట్ చేసినా ఆ ఫైలు పేరు మళ్లీ వాడనివ్వదు. అందుకే 1.2.1 విడుదల చేసి, 1.2.0ని యాంక్ చేశాను, అంటే డిలీట్ చేయకుండా వాడొద్దని గుర్తు పెట్టాను. ఇక కచ్చితంగా ఆ వెర్షనే కావాలని రాసుకున్నవాళ్లకి తప్ప, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ దాన్ని ఇవ్వదు.

పైథాన్ వెర్షన్‌కి, తెలుగు అక్షరాల ఎన్‌కోడింగ్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు. విడుదలకి ముందు కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్‌లో) వీల్ నుంచే ఇన్‌స్టాల్ చేసి చూడండి, ఇది అక్కడే బయటపడుతుంది. ఆకివీడు తమ్ముడు 1.2.1 వేసి చూశాడు, పట్టిక వచ్చింది.