అప్‌డేట్: 32 జీబీకి 16 జీబీ మాత్రమే కనిపించిన సమస్య తీరింది

రెండు 16 జీబీ ర్యామ్ స్టిక్కులు పెట్టినా కొత్త కంప్యూటర్ 16 జీబీయే చూపిస్తోందని పోయిన నెల అడిగాను. ఇప్పుడు పూర్తిగా 32 చూపిస్తోంది. సాయపడిన అందరికీ ధన్యవాదాలు.

ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ స్క్రూలు వదులు చేసి చూడమన్న సలహాయే ఫలించింది. మొదట నేను ఒక మూలను పూర్తిగా బిగించాకే రెండోదానికి వెళ్లాను. విప్పితే థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) ఒకవైపు పలుచగా, మరోవైపు మందంగా కనిపించింది. ఒత్తిడి ఒకే పక్కన పడి ప్రాసెసర్, తను కూర్చునే సాకెట్‌లోని పిన్నులకు సరిగా ఆనలేదు, అందుకే ఒక మెమొరీ ఛానెల్ (ర్యామ్‌ను ప్రాసెసర్‌తో కలిపే దారి) పనిచేయలేదు. పిన్నులేవీ వంగలేదు, టార్చి వేసి మరీ చూశాను. పాత పేస్టు తుడిచి, కొత్తది వేసి, నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాను.

బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌కూ, స్టిక్కులకూ దీనితో సంబంధం లేదు. అనవసరంగా కొత్త ర్యామ్ కొనకండి.