హైదరాబాద్ నుంచి విశాఖకు: ఆఫీసు పని, అరకు విహారం ఒకే ప్రయాణంలో కుదురుతాయా?

మియాపూర్ వాసి
వచ్చే నెల గురు, శుక్రవారాల్లో పరవాడ ఫార్మా సిటీలో ఆఫీసు పని ఉంది. నేను బుధవారం రాత్రి బయలుదేరతాను. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు శుక్రవారం రాత్రి బండికి వస్తారు. శని, ఆదివారాలు అందరం అరకు చూసి, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. అమ్మానాన్నలకు అరవై దాటాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పై బెర్తు ఎక్కలేదు. ఈ దారిలో తరచూ తిరిగేవారు సలహా ఇవ్వగలరు.

అనకాపల్లి బెల్లం
పరవాడలో పని అంటున్నారు కాబట్టి విశాఖ స్టేషన్ దాకా వెళ్లకండి. దువ్వాడలో ఆగే బండి చూసుకుని అక్కడే దిగండి. విశాఖలో దిగితే ఎన్ఏడీ కూడలి, గాజువాక దాటుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రావాలి. తెల్లవారుజామున బండ్లు వరుసగా వచ్చే వేళ ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఊరి బయట ఆపేయడమూ మామూలే. దువ్వాడ నుంచి కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా పరవాడకు తేలిగ్గా చేరుకోవచ్చు. అచ్యుతాపురం సెజ్‌కు వెళ్లేవారైతే అనకాపల్లిలోనే దిగిపోవడం మేలు.

గురువారం రాత్రి బస కూడా గాజువాక వైపే చూసుకోండి. సముద్రం ఎదుట గది మీవాళ్లు వచ్చాక తీసుకోవచ్చు.

కాజీపేట జంక్షన్
టికెట్ల సంగతి నేను చెబుతాను. ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 60 రోజులే. వారాంతం కాబట్టి తిరుగు టికెట్లు ముందు తీయండి. ఆదివారం రాత్రి విశాఖ నుంచి వచ్చే బండ్లే మొదట నిండిపోతాయి.

ఐదుగురినీ ఒకే టికెట్ మీద వేయకండి. అమ్మానాన్నలకు వేరుగా లోయర్ బెర్తు, సీనియర్ సిటిజన్ కోటాలో తీయండి. ఆ కోటాలో ఒక టికెట్‌కు ఇద్దరే. మగవారికి 60, ఆడవారికి 45 ఏళ్లు నిండితే చాలు. వాళ్లకు ఏ కోచ్ వచ్చిందో చూసి, మిగతా ముగ్గురి టికెట్ తీసేటప్పుడు 'ప్రాధాన్య కోచ్' గడిలో ఆ నంబరు వేయండి. దొరుకుతుందన్న హామీ లేదు కానీ చాలాసార్లు కలుస్తుంది. కలవకపోతే మీ ఆవిడ ఒక పిల్లవాణ్ని తాతగారి దగ్గరకు పంపి సర్దుకోవచ్చు. అదేమీ పెద్ద ఇబ్బంది కాదు. అమ్మగారు అర్ధరాత్రి కింది బెర్తు కోసం ఒక్కొక్కరినీ బతిమాలుకోవలసి రావడమే అసలు కష్టం.

వెయిటింగ్ లిస్టు వస్తే నంబరు ఒక్కటే చూడకండి, ఏ రకమో చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) అయితే ఆశ ఉంటుంది. ఆర్ఎల్‌డబ్ల్యూఎల్ (మధ్య స్టేషన్ల కోటా), పీక్యూడబ్ల్యూఎల్ (పలు స్టేషన్లకు కలిపిన కోటా) అయితే నేను వెంటనే ఇంకో బండి వెతుక్కుంటాను. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్టు తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. దాంతో బండి ఎక్కకూడదు.

తత్కాల్ ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాకే ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇస్తున్నారు. ఆ పని ఇప్పుడే పూర్తి చేసుకోండి, పది గంటలకు కూర్చుని మొదలుపెడితే అందదు. ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే మాత్రం పూర్తి సొమ్ము వస్తుంది. అయితే మీ స్టేషన్ నుంచి బండి కదలకముందే టీడీఆర్ (సొమ్ము వాపసు కోరే దరఖాస్తు) వేయాలి.

శంషాబాద్ మబ్బులు
మీ ఒక్కరి మటుకు విమానం గురించి ఆలోచించండి. కానీ ఉదయం పది గంటల సమావేశానికి ఆ రోజు ఉదయం విమానాన్ని నేను నమ్ముకోను. ముందురోజు సాయంత్రమే చేరుకుంటాను. మియాపూర్ నుంచి శంషాబాద్ చేరడం, కౌంటర్ మూసేలోపు బ్యాగు వేయడం, విశాఖలో దిగాక బయటపడటం, ఇవన్నీ కూడితే రాత్రి బండిలో నిద్రపోతూ వెళ్లడమే హాయి అని చాలామంది అనేది అందుకే.

వెళ్తే పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు. మామూలుగా 100 వాట్-అవర్ల వరకు అనుమతి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 అవుతుంది. ఆవకాయ సీసా చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గర ఆపేస్తారు, గట్టిగా మూతపెట్టి చెక్-ఇన్‌లో వేయండి. ఎండుకొబ్బరికి మండే గుణం ఉంది కాబట్టి దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి.

లెక్కల చిట్టా
చిన్న విషయమే కానీ ఆఫీసు ఖర్చు కాబట్టి చెబుతున్నాను. ఏసీ రైలు టికెట్ తీసేటప్పుడే కంపెనీ జీఎస్టీ నంబరు ఇవ్వండి. హోటల్లో గదిలో దిగేటప్పుడే బిల్లు కంపెనీ పేరుతో కావాలని చెప్పండి, తర్వాత మార్చమంటే తిప్పించుకుంటారు. హోటల్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి పన్ను అక్కడి రాష్ట్రానిదే. తెలంగాణలో మాత్రమే నమోదైన కంపెనీ దాన్ని క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా, తీసుకోలేదు. గది ఎంచుకునేటప్పుడు పన్నుతో కలిపిన ధరే లెక్కలోకి తీసుకోండి.

గోస్తనీ
అరకు రైలు గురించి అడగకుండానే చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది ప్రణాళిక తలకిందులవుతుంది. విస్టాడోమ్ (అద్దాల పైకప్పు) కోచ్ ఉన్న కిరండూల్ ప్యాసింజర్ విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. మీవాళ్లు శనివారం తెల్లవారుజామున దిగి, ఆ బండి అందుకోవాలని చూస్తే పిల్లలకు పాలు పట్టించే వ్యవధి కూడా ఉండదు. హైదరాబాద్ బండి కాస్త ఆలస్యమైతే అరకు టికెట్లు పోయినట్టే.

ఈసారికి కారు మాట్లాడుకోండి. స్నానాలు, టిఫిన్లు ముగించుకుని తొమ్మిదికి బయలుదేరినా చాలు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి, కడుపు నిండా పెట్టకండి. అనంతగిరి కాఫీ తోటల నీడలో ఒక అరగంట ఆగండి. మిరియాల తీగలు సిల్వర్ ఓక్ చెట్లను చుట్టుకుని పైకి పాకుతుంటాయి, వాటి కిందే కాఫీ పండ్లు ఎర్రగా మాగుతుంటాయి. పిల్లలకు అక్కడే చూపించండి.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, నేల తడిగా జారుతుంది. అమ్మగారిని లోపలికి తీసుకెళ్లవద్దని నా మనవి. బయట ఆవిడకు ఎవరో ఒకరు తోడుండాలి. మీరు, మీ ఆవిడ వంతులవారీగా తోడుంటే మిగతా అందరూ గుహలు చూస్తారు. రాత్రి అరకులో ఉండి, ఆదివారం ఉదయం గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చూసి, పదకొండుకల్లా దిగడం మొదలుపెట్టండి. భోజనం దారిలోనే.

మియాపూర్ వాసి
అందరికీ ధన్యవాదాలు. అమ్మానాన్నల టికెట్ విడిగా తీస్తాను, దువ్వాడలోనే దిగుతాను. ఇంకొక్క సందేహం. తిరుగు బండి చర్లపల్లిలో ఆగేది తీసుకోవచ్చా? దానిలో ఖాళీలు కనిపిస్తున్నాయి.

కాజీపేట జంక్షన్
మియాపూర్‌కు చర్లపల్లి నగరానికి అటు చివర అండి. అక్కడికి మెట్రో లేదు. సోమవారం ఉదయం సామానుతో, పెద్దవాళ్లతో నగరం మొత్తం దాటాలి. లింగంపల్లి వెళ్లే బండి దొరికితే అది మొదటి ఎంపిక. లేదంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లా నాంపల్లి దాకా వచ్చే బండి చూడండి. నాంపల్లి నుంచి మియాపూర్‌కు మారకుండా ఒకే మెట్రో ఉంది. అయితే గోదావరి విశాఖలో సాయంత్రమే బయలుదేరుతుంది. అరకు నుంచి ఎంత త్వరగా దిగగలరో గోస్తనీ గారిని అడిగి తేల్చుకోండి.

గోస్తనీ
గోదావరి అయితే పదకొండు కాదు, తొమ్మిదికే అరకు వదలండి. మ్యూజియం శనివారం సాయంత్రమే చూసేయండి, పద్మాపురం తోట మానేయండి.